ఐదు సోమవారాలు

"ఆ పిన్ను తీసేసి లోపలికి రండి" అన్నాడు తారక్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"ఏ పిన్ను?"

"తలలో పెట్టుకున్నది. లోపల మాగ్నెట్ ఆన్‌లో ఉంది."

"అయస్కాంతాల మీదనే పీహెచ్‌డీ చేస్తున్న. నాకు చెప్తున్నరా మీరు?" అంది నవీన. తడిసిన గొడుగును మూలకు ఆనించి, చేతిలోని చిన్న సీసాతో నేరుగా యంత్రం దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

టక్‌మని చప్పుడైంది. పిన్ను ఎగిరి అయస్కాంతం మొనకు అతుక్కుంది. కుదురుగా దువ్వుకున్న జుట్టులో సగం ఆమె కళ్ళ మీద పడింది.

తారక్ రిజిస్టరును మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అయినా లాభం లేకపోయింది. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నవ్వుడైందా? నా శాంపిల్ ఇయ్యాల పెడతరా, రేపు రమ్మంటరా?"

అది రెండువేల ఆరు, జూన్ నెల. పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక పరిశోధన సంస్థలో, మూడో అంతస్తు చివరి గదిలో ఆ యంత్రాన్ని నడపడం తారక్ ఉద్యోగం. రెండు పెద్ద అయస్కాంతపు మొనల మధ్య ఒక సన్నని కడ్డీ వేలాడుతుంటుంది. దాని చివరి మరచుట్లకు నమూనా బిగించి సన్నగా వణికిస్తే, ఆ నమూనా ఏపాటి అయస్కాంతమో పక్కనున్న తీగచుట్టలు పసిగట్టి కంప్యూటర్ మీద గీత గీస్తాయి. రేపల్లె నుంచి ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని వచ్చిన తారక్‌కు అది కాంట్రాక్టు ఉద్యోగమే. ఉండేది అమీర్‌పేటలో, గదికి నలుగురుండే హాస్టల్లో. అమీర్‌పేటలో ఉంటూ ఏ కోర్సూ చేయనివాణ్ణి జనం జాలిగా చూసే రోజులవి. అందుకని అతనూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాడు.

పిన్నును ఊడబెరికి ఆమె ముందు పెట్టాడు. పక్కనున్న గుండుసూది దానికి అంటుకుని లేచింది.

"చూశారా, మీ పిన్ను కూడా అయస్కాంతం అయిపోయింది. ఉక్కు కదా, ఒకసారి పట్టుబడితే గుర్తుపెట్టుకుంటుంది."

"నావి పెట్టుకోవు" అంది నవీన.

"ఏంటి?"

"నా కణాలు. వెంట్రుక మందంల ఎనిమిది వేలల ఒక వంతు ఉంటయ్. అయస్కాంతం చూపిస్తే అన్నీ ఒక్క దిక్కు తిరుగుతయ్. తీసేస్తే మర్చిపోతయ్. గదే వాటి గొప్ప."

"మర్చిపోవడం గొప్పా?"

"మందు మోసుకుంట రక్తంల పోయే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటే మనిషి బతుకుతడా? బయట అయస్కాంతం పట్టినకాడ ఆగాలె, తీసేస్తే విడిపోవాలె."

ఆమె మాట నిజమైంది. అయస్కాంత బలం పెంచినకొద్దీ తెర మీద గీత పైకి లేచింది. తగ్గిస్తుంటే వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి, సరిగ్గా సున్నాలోంచి దాటిపోయింది. మధ్యలో వెంట్రుకంత సందు కూడా లేదు. నవీన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆ గీత వంక అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఆమె మొహం చూస్తూ తారక్ ఫైలు సేవ్ చేయడం మర్చిపోయాడు.

"మళ్ళీ రన్ చేయాలండీ" అన్నాడు బెదురుతూ.

పిన్ను మాత్రం తీసుకుపోలేదామె. అది అతని సొరుగులోనే ఉండిపోయింది.

*

ఆ వానాకాలమంతా వారానికి రెండు రోజులు నవీన సీసాలతో వచ్చేది. నమూనా చల్లబడేదాకా చేయడానికి పనేమీ ఉండదు. పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచి ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్ళు. "గారు" రెండో వారంలో పోయింది. "మీరు" ఆగస్టులో పోయింది.

"నీ కణం లోపల ఏముంటుంది?" అని ఒకసారి అడిగాడు తారక్.

నవీన సాసరులో ఒలికిన చాయ్‌లో వేలు ముంచి బల్ల మీద గీసింది. "మాగ్నటైట్. ఇనుము, ఆక్సిజన్. ఇనుముకు రెండు రకాల అర్రలుంటయ్, మీ గదుల లెక్క. నాలుగు ఆక్సిజన్ల నడుమ ఒకటి, ఆరింటి నడుమ ఒకటి. ఈ అర్రలవి ఇటు చూస్తే ఆ అర్రలవి అటు చూస్తయ్. అటు చూసేటివి ఎక్కువ. ఒకదాన్నొకటి కొట్టేసుకోంగ మిగిలినదే దాని బలం."

"బయటి అంచున ఉన్నవి?"

"వాటికి ఒక దిక్కు పొరుగు ఉండది. ఎటు చూడాల్నో తెల్వక ఆగమైతయ్. కణం చిన్నగైన కొద్దీ ఆగమైనవే ఎక్కువ."

"అచ్చం మా హాస్టలే. లోపలి మంచాలవాళ్ళు అంతా జావా కోర్సే. తలుపు దగ్గర పడుకునే నాకే ఏం చేయాలో తెలియదు."

నవీనకు పొలమారింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

ఎల్లారెడ్డిగూడలో ఆమె ఇల్లు. తండ్రి రాజనర్సయ్య మేస్త్రి. ఒకప్పుడు నగరంలో ఎర్ర గచ్చు వేయాలంటే ఆయన్నే పిలిచేవారు. ఇప్పుడంతా గ్రానైటు. "నాయిన వేసిన గచ్చు మీద ముఖం కనపడ్తది" అని చెప్పేది నవీన. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. మూడేళ్ళ ఫెలోషిప్పు డిసెంబరుతో అయిపోతుంది. నవంబరులో గైడు హనుమత్ప్రసాద్ గారు పని అంతా చూసి సంతకం పెడితే థీసిస్ రాసుకోవచ్చు. పెట్టకపోతే మూడేళ్ళు నీళ్ళలో పోసినట్టే. ఈ సంగతి తారక్‌కూ బాగా తెలుసు. ఆ సంతకం అయ్యాక మనసులో మాట చెబుదామని ఆగాడు.

దసరా సెలవులకు ముందు శనివారం సంస్థలో ఆయుధపూజ. ఎవరి యంత్రానికి వాళ్ళు బొట్టు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. ఎంత చదివినవాడికైనా ఆ రోజు బొట్టు పెట్టకుండా మళ్ళీ స్విచ్చి వేయడానికి చెయ్యి రాదు. ఇంట్లో సద్దుల బతుకమ్మ ఉందని నవీన మధ్యాహ్నమే బయల్దేరింది.

"నా నోటుబుక్కుకు సుత బొట్టు పెట్టు. మర్చిపోతవ్ నువ్వు."

"మర్చిపోయేవి నీ కణాలు. నేను కాదు."

తోపుడు బండి మీద కొన్న కుంకుమ పొట్లం విప్పి, నీళ్ళతో తడిపి యంత్రానికి, కంప్యూటర్‌కు, రిజిస్టరుకు, ఆమె నోటుబుక్కు అట్టకు పెట్టాడు తారక్. చివరికి కడ్డీ దగ్గర ఆగాడు. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదని నియమం. కానీ ఆమె నమూనాలు కూర్చునేది దాని చివరే. చిటికెనవేలితో రవ్వంత బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, దూదితో తుడిచేశాడు. శుభ్రంగానే కనిపించింది.

కడ్డీ నిజంగా శుభ్రంగా ఉందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఖాళీ రన్ అంటారు. ప్రతి సోమవారం పొద్దున్నే నమూనా లేకుండా వట్టి కడ్డీనే ముప్పావుగంట నడిపించి చూడాలి. అయస్కాంతపు జాడ ఏమీ కనిపించకూడదు. అప్పుడు రిజిస్టరులో రాసి సంతకం చేయాలి.

దసరా తర్వాత తారక్ కోర్సు పొద్దుటి బ్యాచికి మారింది. సోమవారాలు ల్యాబుకు ఆలస్యంగా వచ్చేవాడు. అప్పటికే ఎవరో ఒకరు నమూనాతో గుమ్మంలో నిలబడి ఉండేవారు. "ఖాళీ రన్ చేశాను, సరిగ్గా ఉంది" అని రాసి సంతకం పెట్టేశాడు. ఒక సోమవారం కాదు, వరుసగా ఐదు. అమీర్‌పేటలో అతని చుట్టూ చేయని ఉద్యోగాన్ని రెండేళ్ళ అనుభవంగా రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తాను అలా రాయనని పట్టుబట్టి, స్నేహితుల చేత పిచ్చోడని పేరు తెచ్చుకున్నాడు తారక్. అంతటి పట్టుదల గలవాడికి ఈ ఒక్క వాక్యం రాయడానికి మాత్రం పెద్దగా జంకు కలగలేదు.

*

నవీన చివరి నాలుగు నమూనాలూ ఆ రోజుల్లోనే కొలిచారు. కణాలు ఒకదాన్నొకటి లాక్కోకుండా దూరంగా ఉంచడానికి రవ్వంత పొడిని మైనంలో కలిపి తెచ్చింది. పొడి అంత తక్కువగా ఉంటే ఏ చిన్న మురికైనా పెద్దగా కనిపిస్తుంది.

గీత వెళ్ళిన దారిన వెనక్కి రాలేదు. పైకి ఒక దారి, కిందికి ఒక దారి. మధ్యలో సన్నటి సందు నోరు తెరుచుకుంది. నాలుగింటికీ అంతే.

హనుమత్ప్రసాద్ గారు కాగితాలు బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే విద్యార్థులకు ఆయనంటే భయం.

"ఎక్స్‌రే బొమ్మ ప్రకారం నిర్మాణం శుభ్రంగా మాగ్నటైటే. అయస్కాంతపు గీత మాత్రం కాదంటోంది. ఏది నమ్మమంటావు?"

"చల్లబరుస్తుంటే మైనస్ పదమూడు డిగ్రీల కాడ గీతల చిన్న మెట్టు సుత ఉంది సార్" అంది నవీన. "మాగ్నటైట్‌కు అక్కడ మెట్టుండదు. ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌కు ఉంటది. నా దాంట్లకు అదెట్లొచ్చిందో సమజైతలేదు."

"నీ పొడి గాలి తగిలి పాడై ఉండాలి. లేదా యంత్రంలో ఏదైనా ఉండాలి." ఆయన తారక్ వైపు తిరిగారు. "ఖాళీ రన్‌లు చేస్తున్నావా?"

తారక్‌కు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"చేశాను సార్."

"ప్రతి సోమవారం?"

అతను నోరు తెరిచేలోపే నవీన అందుకుంది. "తారక్ రాసిండంటే చేసినట్టే సార్. ఆ మాట నేను చెప్తున్న."

హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "అయితే తప్పు పొడిదే. ఇలాంటి పని మీద సంతకం పెట్టలేనమ్మా. మొదటినుంచి చేయాలి. డిసెంబరులోగా అది జరిగే పని కాదని నీకూ తెలుసు."

ఆ మర్నాటి నుంచి నవీన రాలేదు. ఆమె నోటుబుక్కు ల్యాబులోనే ఉండిపోయింది. తారక్ రెండుసార్లు మిస్డ్ కాల్ ఇచ్చాడు. జవాబు లేదు. ఏదో ఇంటర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరబోతోందని ఎవరో చెప్పారు. హాస్టల్లో అన్నం సయించలేదు. ఖాళీ రన్ చేసినా అంతా సరిగ్గానే ఉండేదిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు.

*

ఆదివారం నోటుబుక్కు సంచిలో వేసుకుని ఎల్లారెడ్డిగూడ వెళ్ళాడు. రాజనర్సయ్య గడప బయట కూర్చుని తాపీలు కడుగుతున్నాడు. తల్లి స్వరాజ్యం చాయ్ తెచ్చిచ్చింది. నవీన వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కళ్ళ కింద నల్లగా వలయాలు తేలి ఉన్నాయి.

"ఇది ల్యాబులో మర్చిపోయావు" అన్నాడు తారక్.

"మర్చిపోలే. ఇగ అక్కర లేదని ఇడిచిపెట్టిన."

నోటుబుక్కు రాజనర్సయ్య అందుకున్నాడు. అట్ట మీద బొట్టు అలాగే ఎండి ఉంది. తడి వేలితో దాన్ని రుద్ది, వెలుగుకు పట్టి చూశాడు.

"దీనికి గచ్చు రంగు ఎవరు పూసిన్రు?"

"కుంకుమ నాయినా. దసరాకు పెట్టిన బొట్టు" అంది నవీన.

"గిది కుంకుమ గాదు బిడ్డా. ముప్ఫై ఏండ్లు ఈ రంగు చేతులకు అంటి గోర్లల్లకెల్లి పోలే నాకు. కుంకుమైతే తడి తగిలితే పారుతది. గిది మట్టి లెక్క పేరుకుంటది. గచ్చుల కలిపే ఎర్ర రంగు గిది. ఎవడో కుంకుమల కలిపి అమ్మిండు."

నవీన గుమ్మం వదిలి ముందుకు వచ్చింది. "ఎర్ర రంగంటే..." అని ఆగిపోయింది. ఎర్ర రంగంటే ఎర్ర ఐరన్ ఆక్సైడే. మైనస్ పదమూడు దగ్గర మెట్టు దిగేది అదే.

"తారక్, ఆ రోజు ఇంకా వేటికి బొట్టు పెట్టినవ్?"

"కంప్యూటర్‌కు... రిజిస్టరుకు..." అతను నోటుబుక్కు అట్ట వంక చూశాడు. "కడ్డీకి కూడా. చివర్న. తుడిచేశాను."

"మరచుట్లల్ల ఉంటది అది. తుడిస్తే పోదు." ఆమె కళ్ళలో ఒక్కసారిగా వెలుగు వచ్చింది. వెంటనే అది తగ్గిపోయింది. "కానీ ఖాళీ రన్‌ల కనపడాలె గద? ఐదు సోమవారాలు చేసినవ్. ఒక్కసారన్నా కనపడకపోవుడేంది?"

చాయ్ గ్లాసు చేతిలో చల్లారిపోతోంది. రాజనర్సయ్య తాపీ కడగడం ఆపాడు. ఇంకో అబద్ధం చెప్పుకోవడానికి చోటు ఉంది. గీత చూశాను, గమనించలేదని అంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది కూడా.

"చేయలేదు నవీనా" అన్నాడు తారక్. "ఐదుసార్లూ చేయలేదు. చేసినట్టు రాశాను. సార్ అడిగితే చేశానన్నాను."

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"సార్ ముందట నీ కోసం నేను మాటిచ్చిన" అంది నవీన. "నా పొడిని నేనే అనుమానపడ్డ. రాత్రులు నిద్ర పట్టలే. నా చేతులే మంచిగ లేవనుకున్న. నువ్వు పక్కన నిలబడి చూసినవ్."

"నవీనా..."

"మీరు పోండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టులో పోయిన ఆ "మీరు" మళ్ళీ వినబడేసరికి తారక్ గ్లాసు గడప మీద పెట్టాడు. చెప్పులు వేసుకోవడం కూడా చేతకాలేదు. రాజనర్సయ్య వెంట వచ్చి సందు మొదటి దాకా నడిచాడు.

"ఒక ఇంట్ల మట్టం చూడకుండ గచ్చేసిన నేను" అన్నాడు నడుస్తూ. "చూసిన అని ఆ ఇంటామెకు చెప్పిన. వాన పడ్డది. నీళ్ళన్నీ దేవునర్రలకు పోయినయ్. చేతులు జోడిస్తే ఏమొస్తది? సమ్మెట పట్కపోయి నేను ఏసిన గచ్చు నేనే పలగ్గొట్టిన."

"ఆమె ఏమన్నారు?"

"ఏమనలే. మల్ల ఎయ్యమన్నది." ఆయన ఆగాడు. "ఫికర్ చేసుకుంట కూసోకు. పొయ్యి పలగ్గొట్టు."

*

మర్నాడు సోమవారం. ఎనిమిదింటికల్లా తారక్ హనుమత్ప్రసాద్ గారి గుమ్మంలో రిజిస్టరుతో నిలబడ్డాడు. మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. మధ్యలో ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"పద" అన్నారు లేచి.

ఖాళీ కడ్డీ పెట్టి ముప్పావుగంట నడిపారు. తెర మీద గీత సన్నగా నోరు తెరిచింది. నమూనా లేదు, మైనం లేదు, నవీన పొడి లేదు. ఉన్నదల్లా మరచుట్ల సందులో ఇరుక్కున్న దసరా బొట్టు. చల్లబరిచి మళ్ళీ నడిపితే మైనస్ పదమూడు దగ్గర అదే మెట్టు.

హనుమత్ప్రసాద్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "బొట్టు పెట్టడం తప్పు కాదు. నేనూ పెడతాను. పెట్టాక చూసుకోవడానికే ఖాళీ రన్ ఉంది." రిజిస్టరు తెరిచి అతని ముందుకు జరిపారు. "ఐదు చోట్లా నీ చేత్తోనే రాయి."

తారక్ రాశాడు. "ఖాళీ రన్ చేయలేదు. చేసినట్టు అబద్ధం రాశాను." కింద సంతకం, తేదీ. మూడోసారి రాసేటప్పుడు అక్షరాలు కన్నీళ్ళకు అలుక్కుపోయాయి. ఆయన తుడుచుకోమనలేదు, ఆపమని అనలేదు.

"నీ కాంట్రాక్టు డిసెంబరు తర్వాత పొడిగించను. అనుభవం సర్టిఫికెట్ ఇస్తాను. ఇది కూడా అందులో ఉంటుంది."

"సరే సార్."

"ఆ అమ్మాయికి నేను ఫోన్ చేస్తాను. కొత్త కడ్డీ తియ్యి."

నవీన వచ్చింది. నాలుగు నమూనాలు, మూడు రోజులు. ప్రతి నమూనాకు ముందు తారక్ ఖాళీ రన్ చేశాడు, ఆమె పక్కన నిలబడి చూసింది. మాట్లాడింది పని మాటలే. "పెట్టండి." "చల్లబరచండి." "ప్రింటు ఇయ్యండి." బయట చలికాలపు వాన సన్నగా పడుతోంది. చాయ్‌కి వెళ్దామని ఎవరూ అనలేదు.

నాలుగో నమూనా గీత పైకి వెళ్ళి, అదే దారిన తిరిగి వచ్చి, సున్నాలోంచి నేరుగా దాటిపోయింది. మెట్టు లేదు, సందు లేదు. నవీన కుర్చీలో కూలబడి చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చింది. తారక్ గోడ దగ్గర నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళే హక్కు తనకు లేదనిపించింది.

"అవి మర్చిపోతయ్" అంది, చున్నీ తీయకుండానే. "నేను మర్చిపోను. నాకు టైం పడ్తది."

"ఎంతైనా పట్టనీ" అన్నాడతను.

*

జనవరిలో ఐదు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఆ సర్టిఫికెట్ చదివి, మర్యాదగా టీ ఇచ్చి పంపించేశాయి. పంజాగుట్టలోనే ఒక చిన్న కంపెనీలో, ఆరోచోట, మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి "ఇది నిజమా?" అని అడిగాడు. నిజమేనన్నాడు తారక్. టెస్టర్‌గా తీసుకున్నారు. ఇతరులు రాసిన ప్రోగ్రాములు పనిచేస్తున్నాయో లేదో చూసి, చూసింది చూసినట్టు రాయడమే అతని పని. ఒకటికి మూడుసార్లు చూసేవాడు. తోటివాళ్ళు చాదస్తం అని నవ్వేవారు.

మార్చిలో ఒకరోజు ఫోన్ వచ్చింది. నవీన కాదు, రాజనర్సయ్య.

"ఆదివారం ఇంటికి రా. జర పనుంది."

మేడ మీద కొత్తగా ఒక గది వేశారు. కింద ఎర్ర గచ్చు. ఆయన చెప్పినట్టే మొహం కనిపించేంత నునుపుగా ఉంది. మూలల్లో ఇంకా రంగు పొడి పడి ఉంది. రాజనర్సయ్య సంచిలోంచి రసమట్టం తీసి తారక్ చేతిలో పెట్టాడు.

"చూసి చెప్పు, ఎట్లుందో."

"నాకేం తెలుస్తుంది అంకుల్, మీరు వేసింది..."

"బుడగ నడుమ ఉండాలె. గంతే. చూసి చెప్పు."

తారక్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మధ్యలో పెట్టి చూశాడు. నాలుగు మూలలా చూశాడు. తలుపు పక్క మూలలో బుడగ గీత దాటింది. తిప్పి పెట్టాడు, మళ్ళీ దాటింది. మూడోసారీ అంతే. ఎదురుగా ముప్ఫై ఏళ్ళు గచ్చు వేసిన మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మస్తుందని ఒక్క మాట అంటే ఆయన సంతోషించేవాడు.

"ఈ మూల కొంచెం దిగింది అంకుల్" అన్నాడు.

"మంచిగ చూసినవా?"

"మూడుసార్లు చూశాను. దిగింది."

రాజనర్సయ్య మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "ఆ మూలకు వాలు నేనే పెట్టిన. కడిగిన నీళ్ళు బయటికి పోవాలె గద. పొద్దుగాల్నించి నలుగురికి చూపిన. నలుగురు సుత మస్తుందనే అన్నరు." రసమట్టం తీసుకుని సంచిలో పెట్టి, మెట్ల వైపు కేకేశాడు. "బిడ్డా, పైకి రా!"

అప్పటికే నవీన మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో హనుమత్ప్రసాద్ గారు సంతకం పెట్టిన, నల్ల అట్ట వేసిన థీసిస్. తండ్రి కిందికి దిగిపోయాక అది తెరిచి చివరి పేజీ చూపించింది. ఖాళీ కడ్డీ గీసిన గీత, మైనస్ పదమూడు దగ్గర మెట్టుతో సహా. కింద ఒక వాక్యం. కొలతలలోని ఈ లోపాన్ని బయటపెట్టిన తారక్‌కు కృతజ్ఞతలని ఉంది.

"లోపం చేసింది కూడా నేనే కదా" అన్నాడు తారక్.

"కింది లైన్ చదువు. అది సుత రాసిన."

"చదువు" అంది, "చదవండి" అనలేదు. తారక్‌కు కళ్ళు మసకబారి కింది లైను కనిపించలేదు. జేబులోంచి ఒక చిన్న కాగితం మడత తీసి ఆమె చేతిలో పెట్టాడు. విప్పితే లోపల పాత హెయిర్‌పిన్ను. దానికి ఒక గుండుసూది ఇంకా అంటుకునే ఉంది.

నవీన గుండుసూదిని మెల్లగా లాగి తీసి, పిన్ను జుట్టులో పెట్టుకుంది.

"నువ్వంటే నాకు ప్రాణం నవీనా. జూన్ నుంచీ చెప్పాలనుకుంటున్నాను" అన్నాడతను. "నువ్వు ఒప్పుకుంటే వచ్చే నెల అమ్మనీ నాన్ననీ తీసుకుని వస్తాను. పసుపు కుంకుమలతో."

ఆమె కొత్త గచ్చు వంక చూసింది. అందులో ఇద్దరి నీడలూ ఎర్రగా కనిపిస్తున్నాయి.

"రా" అంది నవీన. "కుంకుమ మాత్రం కొలిచి తే."